వాడకు పెద్ద

మా అవ్వ పెద్దదా, పక్కింటి సేటు తాత పెద్దవాడా అన్న పంచాయితీ జనగామలోని మా వాడలో యాభై ఏళ్లకు పైనే నడిచింది. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. సేటు తాత మా గోడకు ఆనుకొని కిరాణా దుకాణం నడిపిన ఇంటి పెద్ద. మాకు చుట్టం కాదు, కులం కాదు, అయినా నాకు బుద్ధి తెలిసేనాటికే తాత. మామూలుగా మనుషులు నేను పెద్దంటే నేను పెద్దని కొట్లాడుకుంటారు. వీళ్లది ఎదురు కొట్లాట. అవ్వ ఆయన్ని "సేటన్నా" అనేది, ఆయన అవ్వను "అక్కా" అనేవాడు. పిలుపులోనే ఎదుటి మనిషి మీదికి రెండేళ్లు తోసేసేవాళ్లు.

"రజాకార్లు ఊరి మీద పడ్డనాడు నేనింకా తొట్టెల్ల ఉన్న. నువ్వప్పటికే దుకాణం అరుగు మీద కూసొని బెల్లం నాకుతున్నవు" అనేది అవ్వ.

"తొట్టెల్ల ఉన్నదానివి, నేను బెల్లం నాకింది ఎట్ల సూసినవక్కా? అది గూడ మొగుళ్లపల్లి నుంచి?" అనేవాడు తాత, ముక్కుపొడి డబ్బీ మీద వేలితో కొడుతూ.

అవ్వ పుట్టింది భూపాలపల్లి దిక్కున్న మొగుళ్లపల్లిలో. ఆమె చెప్పేదే నిజమైతే ఆమెకు ఏడెనిమిదేళ్లప్పుడే మా నాయిన పుట్టి ఉండాలి. ఒకసారి నేను వేళ్ల మీద లెక్కకట్టి ఈ మాట చెబితే, "సదువుకున్నోళ్లకు అన్నీ అడ్డం లెక్కలే" అని నా మీదికే లేచింది.

సరదాగా కనబడే ఈ తగవులో అవ్వకు నిజమైన భయం ఒకటి ఉండేది. "కీడొస్తె మొదలు పెద్ద తలకాయకే తాకుతది" అనేది. మొగుళ్లపల్లి నుంచి ఆమె తెచ్చుకున్న పట్టింపులన్నిటిలో గట్టిది ఎసరు పట్టింపు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోశాక, అన్నం కాకముందు కుండ దించకూడదు. దించితే ఆ కుండ ఎవరి కోసం పెట్టారో వాళ్లలో పెద్ద మనిషికి కీడు. ఇంటి కుండ అయితే ఇంటి పెద్దకు, వాడంతా తినే కుండ అయితే వాడకు పెద్దకు. నేను బళ్లో సైన్సు చెప్పేదాన్ని. అయినా ఈ రోజు వరకు మా ఇంట్లో గ్యాస్ అయిపోయి అన్నం సగంలో ఆగిందంటే కుండ దించకుండా, భయంతో పక్కింటి సిలిండరు కోసం ఉరుకుతాను. అవ్వ నాకు ఇచ్చిన ఆస్తుల్లో ఈ బుగులు కూడా ఒకటి.

మా చిన్నాయిన పెండ్లినాడు వాకిట్లో మూడు రాళ్ల మీద పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతుండగా వాన దంచికొట్టింది. అందరూ పందిట్లోకి ఉరికారు. అవ్వ మాత్రం ఒక రేకు లాక్కొచ్చి పొయ్యి మీద పట్టుకొని నిలబడింది. గాలికి రేకు ఎగిరిపోతుంటే రెండో కొసను సేటు తాత వచ్చి పట్టుకున్నాడు. అన్నం అయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు. తడిసి ముద్దయి, ఆ రేకు పట్టుకొనే మళ్లీ అదే పంచాయితీ.

"పెద్దదానివి, లోపలికి పో అక్కా, నేను పట్టుకుంట."

"ముసలోనివి నువ్వే పో సేటన్నా, జెరమొస్తది."

పందిట్లో అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం గుంజ పట్టుకొని ఏడ్చాను. ఆ రేకు మీద పిడుగు పడుతుందని నా భయం. చిన్నప్పటి నుంచీ నాది ఇదే వరస, జరిగేదాని కంటే జరగబోయేది ముందు కనబడుతుంది.

నేను పుట్టకముందటి సంగతి ఇంకొకటి మా ఇంట్లో తరచూ చెప్పుకునేవాళ్లు. మొదటిసారి తెలంగాణ కావాలని లొల్లి లేచినప్పుడు నాయిన హైస్కూల్లో చదువుతున్నాడు. ఊరేగింపులో పోయినవాళ్ల కోసం పోలీసులు వాడలన్నీ వెతుకుతుంటే, సేటు తాత నాయినను తన గోదాములో మిరపకాయ బస్తాల వెనక దాచాడు. మిరప ఘాటుకు నాయినకు తుమ్ము ఆగదు. లోపల తుమ్ము వినబడినప్పుడల్లా అరుగు మీద కూర్చున్న తాత, దుకాణంలోని డబ్బీ తీసి ఇంత ముక్కుపొడి పీల్చి, అంతకంటే గట్టిగా తుమ్మేవాడట. అంతకుముందు ఆయన ముక్కుపొడి ముట్టి ఎరగడు. మా నాయినను కాపాడబోయి పట్టుకున్న ఆ అలవాటు ఆయన్ని జన్మంతా వదల్లేదు. ఆ రెండు రోజులూ అవ్వ తలుపుకు గొళ్లెం పెట్టుకొని ఇంట్లోనే కూర్చుంది. పచ్చి నీళ్లు కూడా ముట్టలేదట.

అందుకే నలభై ఏళ్ల తర్వాత మళ్లీ లొల్లి లేచినప్పుడు అందరికంటే ముందు అవ్వే రోడ్డెక్కింది. నాయిన వద్దన్నాడు, ఎండదెబ్బ తగులుతుందన్నాడు.

"అప్పుడు కొడుకును దాసిపెట్టి ఇంట్ల కూసున్న. గిప్పుడు దాసెటందుకు ఎవలు లేరు. నేనే పోత" అంది.

ఆమె చేతికి సరిపోయిన పని కూడా దొరికింది. రోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని బండ్లను ఆపే వంటావార్పు ఆ రోజుల్లో ఊరూరా జరిగేది. మా వాడ గుండిగకు అవ్వే పెద్ద దిక్కు. ఆగిపోయిన బండ్లలో ఉన్నవాళ్లకే మొదటి విస్తరి పెట్టాలని ఆమె నియమం. "ఆపింది మనం, ఆకలికి సంపొద్దు" అనేది. బియ్యం సేటు తాత ఇచ్చేవాడు. "దుకాణం బందు పెట్టుమంటె పెడుత, బియ్యమిమ్మంటె ఇస్త, కని ఆ ఎండల నన్ను కూసోబెట్టకున్రి" అని గొణుగుతూనే, పదకొండు గంటలకల్లా గొడుగు వేసుకొని అవ్వ పక్కన వచ్చి కూర్చునేవాడు.

ఒకరోజు ఒక కారు వచ్చింది. వెనక సీట్లో ఒక ముసలాయన నెత్తికి తువ్వాల చుట్టుకొని పడుకొని ఉన్నాడు. పానం మీదికొచ్చిందని పక్కనున్న ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అవ్వ కూడా కళ్లనీళ్లు పెట్టుకొని, రాళ్లు జరిపించి, కారును దగ్గరుండి పంపించింది. మరునాడు మా వాడ నుంచి ఏదో పెండ్లికి పోయి వచ్చినాయన చెప్పాడు, ఆ ముసలాయన పెండ్లివిందులో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడని. వాడంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సేటు తాత.

"అక్కా, సచ్చేటోడు మూడుసార్లు బువ్వ పెట్టించుకున్నడట. నువ్వింకొక పూట ఏడ్సి ఉంటె నాలుగోసారి గూడ తినేటోడు!"

వారం రోజులు కనబడ్డప్పుడల్లా ఇదే మాట. అవ్వకు రోషం వచ్చింది. ఇక అంబులెన్సు తప్ప ఏ బండి వచ్చినా, లోపల ఎవరున్నారని చెప్పినా, అన్నం అయినంకనే ఇడుస్త అని అందరి ముందు ఒట్టు పెట్టుకుంది. పొయ్యి చోటు కూడా మార్పించింది. పక్కనున్న మట్టితొవ్వ మీదుగా బండ్లు జారుకుంటున్నాయని, ఊరు దాటాక పట్నం రోడ్డు మీదున్న చిన్న మోరీ వంతెన మీదికి మార్చారు. రెండు పక్కలా అడ్డగోడలు, మధ్యలో పొయ్యి, చుట్టూ జనం. ఇక అక్కడి నుంచి సైకిలు పోవడం కూడా కష్టమే. ఈ ఉపాయం అవ్వదేనని నాయిన ఫోన్లో నాతో గొప్పగా చెప్పాడు. నేను కూడా నవ్వాను.

అప్పటికి నేను కొత్తగూడ అడవిలో ఒక తండా బళ్లో పంతులమ్మను. మహబూబాబాదులో, మేమనేదైతే మానుకోటలో, అద్దె గదిలో ఉండి రోజూ బస్సు మీద పోయివచ్చేదాన్ని. తెలంగాణ కోసం సమ్మె మొదలై బడులు, బస్సులు అన్నీ ఆగిపోయాక ఎటూ కదల్లేక అక్కడే చిక్కుకున్నాను. సేటు తాత కూడా అదే ఊళ్లో చిక్కుకున్నాడు. సమ్మెకు రెండు రోజుల ముందు బియ్యం బస్తా అవ్వ ముందు దింపి, నాలుగు రోజులు ఉండి వస్తానని మానుకోటలోని చిన్నబిడ్డ ఇంటికి వచ్చాడు. ఆమెను నేను అత్తా అని పిలుస్తాను. రోజూ పొద్దున్నే వాళ్లింటికి పోయి తాత దగ్గర కాసేపు కూర్చుంటే నాకు మా వాడలో ఉన్నట్టే ఉండేది.

ఆ రోజు పొద్దున ఆయన కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మొహం నిండా చెమట.

"ఏం లేదు బిడ్డా, ఛాతిల జర మంటగ ఉన్నది. రాత్రి మీ అత్త బజ్జీలు పెట్టింది" అన్నాడు.

అంటుండగానే చేతిలోని ముక్కుపొడి డబ్బీ కింద పడింది. ఆయన దాన్ని వంగి తీసుకోలేదు, తీసిమ్మని అడగనూ లేదు. కింద పడ్డ ఆ డబ్బీని చూడగానే అత్తను కేకేశాను.

ఊళ్లో డాక్టరు సూది వేసి, నాలుక కింద మాత్ర పెట్టి, ఇక్కడ ఉంచొద్దన్నాడు. తాత గుండెకు అంతకుముందే పట్నంలో ఆపరేషన్ చేసి స్ప్రింగు వేశారు. సాయంత్రం లోపు అక్కడికే తీసుకుపొండి, ఆలస్యం చేస్తే నా చేతిలో కూడా ఏం లేదన్నాడు. అంబులెన్సు వేరే మనిషిని తీసుకొని పోయింది, ఎప్పుడొస్తుందో తెలియదు. రైళ్లు లేవు. అత్త భర్త ఖమ్మంలో ఆగిపోయాడు. పక్కింటివాళ్ల జీపు ఒకటి దొరికింది. వెనక సీట్లో తాత తల అత్త ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో.

నా ఒళ్లో ఆయన పాదాలు చల్లగా ఉన్నాయి. రుద్దుతూనే ఉన్నాను. చిన్నప్పుడు నేను దుకాణానికి పోతే పొట్లం కట్టాక ఇన్ని పుట్నాలు, చిన్న బెల్లం ముక్క నా గుప్పిట్లో పెట్టి "ఇది నీ కొసరు" అనేవాడు. ఆ బెల్లం ముక్క కోసం నేను రోజుకు నాలుగుసార్లు ఉప్పు కావాలా అని అమ్మను అడిగేదాన్ని. ఇవన్నీ ఆ జీపులో ఎందుకు గుర్తుకొచ్చాయో, గుర్తుకొచ్చిన కొద్దీ భయం పెరిగింది. మనిషి ఉండగానే జ్ఞాపకాలు ఇలా బారులు తీరడం మంచిది కాదనిపించి, వాటిని ఆపడానికి కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

తొర్రూరులో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు జీపులోకి ఒకసారి తొంగిచూసి లేచి తొవ్వ ఇచ్చారు. పాలకుర్తి దగ్గర ట్రాక్టరు అడ్డం పెట్టారు. మేం చెప్పకముందే దాన్ని వెనక్కి తీశారు. ఒకాయన సీసాలో మంచినీళ్లు నింపి ఇచ్చాడు.

"ఎందాక వచ్చినం?" అని తాత మాటిమాటికీ అడుగుతున్నాడు.

"జనగామ దగ్గరికొచ్చినం తాతా. మన ఊరే."

"మన ఊరా? అయితె బుగులు లేదు" అని కళ్లు మూసుకున్నాడు.

నాకు మాత్రం బుగులు అక్కడే మొదలైంది. నాయినకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. భూపాలపల్లిలో బొగ్గు తీసేవాళ్లు గనుల్లోకి దిగక కరెంటు పూటలకు పూటలు ఉండటం లేదు, సగం ఊరి ఫోన్లు చచ్చే ఉన్నాయి. అమ్మ, నాయిన, అవ్వ ముగ్గురూ మోరీ దగ్గరే ఉంటారని నాకు తెలుసు. ఊరు దాటగానే లారీలు కనబడ్డాయి, ఒకదాని వెనక ఒకటి. జీపు ఆగింది. డ్రైవరు దిగి, పేషెంటు ఉన్నాడని చెప్పొస్తానని ముందుకు పోయాడు.

ఆయన తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టింది. మొహం మాడ్చుకొని వచ్చాడు.

"ఇడుస్తలేరక్కా. మగోళ్లు సరేనన్నరు గని, అక్కడొక ముసలవ్వ ఉన్నది, ఆమె ఇంటలేదు. మొన్న గిట్లనే ఎవలో పేషెంటని చెప్పి మోసం చేసిన్రట. ఎసరు మరుగుతున్నది, అర్ధగంటల అన్నమైతది, మీ పేషెంటుకు గూడ ఇంత పెడుత, తినిపొమ్మంటున్నది."

ఆ ముసలవ్వ ఎవరో నాకు చెప్పక్కర్లేదు. దారి పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్లు లేచి తొవ్వ ఇచ్చారు. రచ్చ గెలిచి ఇంట ఓడినట్టు, సొంత అవ్వ ఆపింది. అత్త ఏడవడం మొదలుపెట్టింది. తాత పెదవులు నల్లబడుతున్నట్టు అనిపించింది, నిజంగా నల్లబడ్డాయో నా కళ్లకు అలా కనబడ్డాయో తెలియదు. ఆయన పాదాలు సీటు మీద పెట్టి, నేను జీపు దిగి ఉరికాను.

లారీల పక్కన సందులో ఉరుకుతుంటే చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేశాను. ఎన్ని లారీలు దాటినా ఇంకొకటి. అవ్వను చేరేలోపు వెనక జీపులో ఏమవుతుందో అని, వెనక్కి పోయేలోపు ఏమవుతుందో అని, ఉరుకుతూనే రెండు దిక్కులా భయపడ్డాను. అవ్వ మీద నాకు అంత కోపం అంతకుముందు రాలేదు, తర్వాత కూడా రాలేదు. ఆమెను ఎగతాళి చేసిన తాత మీద కూడా వచ్చింది. ఫోన్లో నవ్విన నా మీద కూడా.

మోరీ మీద అవ్వ గుండిగ పక్కన గరిటె పట్టుకొని ఉంది. బియ్యం అప్పుడే పోసినట్టున్నారు, నీళ్లు కుతకుతమంటున్నాయి. నన్ను చూసి ముందు సంబరపడింది.

"వచ్చినవా బిడ్డా! బస్సులు లేవు గద, ఎట్లొచ్చినవే?"

"అవ్వా, ఆ జీపుల ఉన్నది సేటు తాత."

"సేటొచ్చిండా? ఆయన బియ్యమే ఉడుకుతున్నయి, రమ్మను..."

"అవ్వా! డ్రైవరు చెప్పిన పేషెంటు తాతనే. గుండెనొప్పి. నువ్వు ఆపింది తాతను."

గరిటె ఆగిపోయింది. "నేనాపిన్నా?" అంది, చిన్నపిల్లలా. "సేటును నేనాపిన్నా?"

నాయిన, ఇంకో ఇద్దరూ లారీలను పక్కకు జరిపించడానికి ఉరికారు. ఇక అడ్డం ఉన్నది గుండిగ ఒక్కటే. దాన్ని దించితే తప్ప పొయ్యి రాళ్లు కదలవు. మా వాడలోని ఒకామె గుండిగ వైపు చూసి, నోరు జారినట్టే అనేసింది:

"ఎసరు మరుగుతున్నది కదవ్వా. గిప్పుడు దించితె వాడకు పెద్దకు కీడంటివి. మన వాడకు పెద్ద సేటేనాయె..."

అందరూ నిలబడిపోయారు. సిగ్గుతో చెప్తున్నాను, సైన్సు పంతులమ్మనైన నా నోరు కూడా పెగల్లేదు. అదంతా ఉత్తదే, దించండి అని అరవాల్సింది నేను. జీపులో చల్లబడ్డ ఆ పాదాలు గుర్తుకొచ్చి, ఒకవేళ నిజమైతే అన్న భయంతో గుండిగ వైపు చూస్తూ ఉండిపోయాను.

అవ్వ నడుముకు కొంగు బిగించింది.

"ఎవలన్నరు సేటు పెద్దని?" గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే లారీల వాళ్లు కూడా తలలు బయటికి పెట్టారు. "ఈ వాడకు పెద్దదాన్ని నేను. సేటుకన్న రెండేండ్లు పెద్ద. అందరు ఇనున్రి. ఏదున్నా నాకే."

ఆ మాట ఆమె మాకు చెప్పలేదు. పొయ్యికి చెప్పింది, ఎసరుకు చెప్పింది, ఆ కీడు అనేది ఎక్కడైనా వింటూ ఉంటే దానికి చెప్పింది. యాభై ఏళ్లు పరాయి తలకు చుట్టిన పెద్దరికాన్ని ఒక్క నిమిషంలో తీసి తన నెత్తిన పెట్టుకుంది. చీర చెంగుతో గుండిగ చెవి పట్టుకొని, "పట్టవే రెండో దిక్కు" అని నన్ను కసిరింది. పట్టాను. ఎత్తుతుంటే గుండిగ ఒరిగి, మరిగే నీళ్లు ఆమె ఎడమ పాదం మీద పడ్డాయి. నేను కెవ్వుమన్నాను. ఆమె మాత్రం గుండిగను గోడవారకు చేర్చి, గరిటెతో కట్టెలను తోసి, అదే కాలితో రాళ్లను తన్నింది.

జీపు మోరీ మీదికి వచ్చినప్పుడు అవ్వ ఒక్క క్షణం చేయి అడ్డంపెట్టి ఆపింది. లోపలికి వంగి తాత చెంప మీద చేయి వేసింది.

"తమ్మీ" అంది. "బుగులు పడకు తమ్మీ. పెద్దదాన్ని నేనున్న."

ఆయన్ని ఆమె అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు. తాత కళ్లు తెరిచాడు.

"అక్కా, నేను ఉత్తగ పండుకోలే. నిజంగనే పానం బాగలేదు" అన్నాడు.

"ఎరుకయ్యా, ఎరుక" అని ఏడుస్తూ అవ్వ పక్కకు జరిగింది. నేను జీపెక్కాను.

సాయంత్రానికి పట్నం చేరాం. తాతను లోపలికి తీసుకుపోయాక బయట బెంచీ మీద కూర్చొని నేను ఆ పొయ్యి దగ్గర పోయిన సమయాన్ని లెక్కపెడుతూనే ఉన్నాను. డ్రైవరు పోయి రావడం పది నిమిషాలు, నేను ఉరకడం, మేమంతా నిలబడిపోవడం. ఆ నిమిషాలే తాత ప్రాణానికి తక్కువ పడతాయా అని ఒక భయం. ఎసరు దించిన పాపం అవ్వకు తాకుతుందా అని ఇంకో భయం. ఏది అడిగితే ఏది జరుగుతుందోనని దేవునికి కూడా ఏం మొక్కాలో తెలియలేదు.

తాత బతికాడు. మూడో రోజు మాట్లాడటం మొదలుపెట్టగానే మోరీ మీద ఏం జరిగిందో అత్త మొత్తం చెప్పింది. అత్త టీ తేవడానికి పోయాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"మీ అవ్వ పెండ్లయి మన వాడకు వచ్చిన్నాడు ఆమెకు పన్నెండు, నాకు పద్నాలుగు. నేనే పెద్ద బిడ్డా. నాకు ఎరుకే, ఆమెకు ఎరుకే. యాభై ఏండ్లు నేను ఊకనే అక్కా అక్కా అన్న" అని ఏడ్చాడు. ఆ వయసు మగవాళ్లు ఏడవడం నేను అదే మొదలు చూడటం.

ఆయన వాడకు తిరిగొచ్చేసరికి అవ్వ పాదం మీద పుండు మాని, అరచేయంత తెల్లమచ్చ మిగిలింది. సగం ఉడికిన ఆ బియ్యాన్ని ఆమె మళ్లీ పొయ్యెక్కించనివ్వలేదట. బర్రెలకు పెట్టించి, అందరూ పప్పు తాగి ఇండ్లకు పోయారట. అప్పటి నుంచి ఆమె ఆయన్ని తమ్మీ అనే పిలిచింది. ఆయన అక్కా అన్నప్పుడు ఎదురు లేవలేదు. యాభై ఏళ్ల పంచాయితీ అలా తెగిపోయింది, నాకు అది కొంచెం కూడా నచ్చలేదు. వాళ్లు మళ్లీ కొట్లాడుకుంటే చాలు, ఆ కీడు మాట అబద్ధమైపోతుందని నా ఆశ. అవ్వ దగ్గితే భయం, పడుకుంటే భయం. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె పక్కన కూర్చొని ఊపిరి చూసేదాన్ని.

"ఏందే గట్ల సూస్తున్నవు? నేనింకా సావలే" అనేది కళ్లు మూసుకొనే.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు తాత దుకాణంలోని బెల్లం అవ్వ చేతుల మీదుగానే వాడంతా పంచారు. ఆ వానకాలంలోనే ఒక మధ్యాహ్నం, తిని పడుకున్న అవ్వ మళ్లీ లేవలేదు. జబ్బు లేదు, నొప్పి లేదు. ఆ వయసుకు అది మంచి చావని అందరూ అన్నారు. నాకూ తెలుసు. ఎసరు దించి అప్పటికి మూడేళ్లు అని కూడా నాకు తెలుసు.

అవ్వను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు తాత చేతికర్ర మీద వచ్చాడు. చిన్నవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి కాళ్లు మొక్కుతున్నారు. మాలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు మొక్కరు, చనిపోయినా సరే. ఆయన కర్ర నా చేతికిచ్చి వంగబోతుంటే మా చుట్టాల్లో ఒకాయన ఆపాడు.

"సేటూ, నువ్వు పెద్దోనివి, మొక్కద్దు. పువ్వెయ్యి, సాలు."

"ఎవలన్నరు నేను పెద్దని?" అన్నాడు తాత. "ఆమెనే పెద్ద. పట్నం తొవ్వల మోరీ మీద అందరి ముందట చెప్పింది. మీరు ఇనలేదా?"

నేను మోచేయి పట్టుకుంటే మెల్లగా వంగాడు. ఆయన చేయి అవ్వ ఎడమ పాదం మీద, ఆ మచ్చ మీద ఆగింది.

"అక్కా" అన్నాడు.

సేటన్నా అని ఎదురు లేచే మనిషి మా వాడలో ఇక లేదు.